అప్ప ఊపిరి

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, ఒకరోజు పగలు పదకొండూ ఇరవైకి మా క్లినిక్‌లో కరెంటు పోయింది. భిలాయి సివిక్ సెంటర్ దగ్గర చిన్న క్లినిక్ మాది. నేను ఆడియాలజిస్టుని. వినికిడి ఎంత ఉందో పరీక్షించి, అవసరమైనవాళ్లకి హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. ఏసీ ఆగింది. ఫ్యాన్ కాసేపు తిరిగి తిరిగి ఆగింది. బయట రోడ్డు కూడా ఎక్కడికో వెళ్లిపోయినట్టనిపించింది.

ఆ నిశ్శబ్దంలో, వీల్‌చైర్‌లో ఉన్న పెద్దావిడ ఉస్సురంది. నాకు వినబడింది. కొత్త మిషన్ చెవికి పెట్టుకుని పక్కనే కూర్చున్న ఆవిడ తమ్ముడికి వినబడలేదు.

తమ్ముడి పేరు అప్పలసూరి. కుర్రతనంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఇనుము మోతలో ఏళ్ల తరబడి గడిపినవాళ్లకి ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు. స, శ లాంటి అక్షరాలు, ఊపిరి చప్పుడు. అక్క పేరు సింహాచలం. ఆయన అప్ప అని పిలుస్తారు. భర్త పోయాక చంటిపిల్లతో ఆవిడ తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఆయన పెళ్లి చేసుకోలేదు. అప్పట్నించీ ఊళ్లోనే రుఆబాంధా కాలనీలో ఒకే ఇల్లు. ముందటేడు స్ట్రోక్ వచ్చి ఆవిడకి కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. దీన్ని అఫేజియా అంటాం. ఎదుటివాళ్ల మాట అర్థమవుతుంది, తన మాట నోటికి రాదు.

ఆనాటి చంటిపిల్లే రేణుక. రాయ్‌పూర్‌లో ఉద్యోగం. ఆ వేళ ఇద్దరినీ తనే తీసుకొచ్చింది.

"కిందటి వారం అమ్మకి నీళ్లు పొలమారాయి మేడమ్. మావయ్య వంటింట్లోనే ఉన్నాడు, పతా హీ నహీఁ చలా, అసలు తెలియనేలేదు. పక్కింటి దీదీ పరిగెత్తుకొచ్చింది. ఈ మిషన్ పనిచేస్తే సరే. లేదంటే అమ్మని నేను రాయ్‌పూర్ తీసుకుపోతాను."

ఆ పిల్ల భయంలో తప్పేమీ లేదు. అప్పలసూరి గారు మిషన్ తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు.

"మీ మాట బాగా వినబడతాది. రేణుక అరుపులూ వినబడతాయి. మా అప్పే వినబడదు. దీనికేటి రోగం?"

రోగం కాదు. అది దాని మర్యాద. ప్రతి మిషన్‌లో నాయిస్ రిడక్షన్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. మాటని పైకి తెచ్చి, మాట కానిదాన్ని రొద కింద లెక్కగట్టి తగ్గించేస్తుంది. ఫ్యాన్ రొద, ఫ్రిజ్ రొద. ఊపిరి కూడా ఆ లెక్కలోనే పోతుంది. దాన్ని మేం మొదటిరోజే పెట్టేస్తాం. అందరికీ హాయిగా ఉంటుందని.

కరెంటు ఇంకా రాలేదు. "మీకు ఏ శబ్దాలు కావాలో చెప్పండి," అన్నాను గట్టిగా.

ఆయన అక్క వైపు చూస్తూ చెప్పారు. "లెగ్గానే ఆవలింత. ఆకలేస్తే పెదాలు చప్పరిస్తాది. దాహమైతే ఉస్సురంటాది. నడుం పట్టేస్తే మూలుగు. కోపమొస్తే బుస్సుమంటాది, అది ఎక్కువ నామీదే. మా బావ గుర్తొస్తే నిట్టూర్పు. దానికి మనం సేసీదేటీ లేదు. పక్కన కూకోడమే."

మా పరీక్షలో వాడే జాబితాలో అన్నీ మాటలే. ఇల్లు, పాలు, కాకి. ఆవలింతకీ నిట్టూర్పుకీ అందులో చోటు లేదు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది నిండలేదు. ఆయన మాటలు చాలామందికి గుర్తున్నాయి. చదువుతూ పేజీ తిప్పేముందు ఆయన తీసుకునే చిన్న ఊపిరి నాకొక్కదానికే తెలుసు. దాన్ని ఏమంటారో నాకు తెలియదు.

కరెంటు వచ్చాక మిషన్‌లో రెండో ప్రోగ్రామ్ తయారుచేశాను. బటన్ నొక్కితే మారుతుంది. అందులో నాయిస్ రిడక్షన్ తీసేసి, బాగా సన్నటి శబ్దాలని పెంచాను. "అక్కర్లేనివి కూడా వినబడతాయి. ఫ్యాను, పాలిథిన్ సంచి, అన్నీ," అన్నాను.

"రానీండి."

మిషన్ మళ్లీ ఆయన చెవికి పెట్టి, ఏసీ, ఫ్యాన్ ఆపేసి, ఆయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. రేణుక తల్లి పక్కన నిలబడింది. ఎదురుచూశాం. ఆవిడ పెదాలు చప్పరించింది.

"ఆకలి," అన్నారాయన గోడతో.

"అరే మావయ్యా, పన్నెండు దాటింది. ఎవరికైనా ఆకలే. ఆ మాత్రం మిషన్ లేకుండా నేనూ చెప్తాను."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "నవ్వుతోంది."

రేణుక తల్లి మొహంలోకి చూసింది. ఒకవైపు జారిపోయి, ఎప్పటిలాగే ఉంది. "ఎక్కడ? ఏమీ లేదు మావయ్యా."

"మొహం సూస్తే ఏటి తెలుస్తాది? ముక్కుతోటి నవ్వుతాది. నోరు ముయ్యి, విను."

ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆవిడ ముక్కులోంచి పొట్టి పొట్టి శ్వాసలు, ఒకదాని వెనక ఒకటి. రేణుక వంగి, తల్లి మొహానికి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"నవ్వడం మానేసిందనుకున్నాను మేడమ్," అంది. తర్వాత తల్లితో, "నన్ను చూసేనా అమ్మా?"

మళ్లీ అవే శ్వాసలు.

"నిన్ను సూసే," అన్నారాయన.

వెళ్లేటప్పుడు గుమ్మంలో రేణుక అంది: "అమ్మ నీ దగ్గరే ఉండనీ మావయ్యా. ఆదివారాలు నేనే వస్తాను."

"వచ్చి మాటాడకుండా కూకోవాలి. అదొక్కటే నీకు రాదు."

సింహాచలం గారు ఆ తర్వాత రెండో చలికాలం దాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ పోయిన కొన్నాళ్లకి, మిషన్ శుభ్రం చేయించుకోవడానికి అప్పలసూరి గారు ఒక్కరే వచ్చారు.

"ఆ పొద్దున్న ఏటీ వినబడలేదమ్మా. మిషన్ పాడైందనుకున్నాను. బ్యాటరీ మార్చాను."

నేను మిషన్ శుభ్రం చేశాను. తర్వాత, రెండో ప్రోగ్రామ్ తీసెయ్యమంటారా అని అడిగాను.

"ఉండనీండి. ఉంటే ఏటి పోయింది?"

ఆయన తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరినీ, నాయిస్ రిడక్షన్ పెట్టేముందు, ఇంట్లో ఏ చప్పుడు వినాలనుందో అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు ఆలోచించి చెబుతారు. ఎవరికి ఏది రొదో నాకు నేనుగా తేల్చడం మానేశాను.

అప్పలసూరి గారు ఇప్పటికీ వస్తుంటారు. మిషన్‌లో రెండో ప్రోగ్రామ్ అలాగే ఉంది. మిషన్‌లో నమోదైన లెక్క చూస్తే, దానికి మార్చే బటన్ ఇప్పుడాయన నొక్కడం లేదు.