వైర్లు పీకేసిన డిస్కు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. "దీనికేదో పట్టిందన్నా, దానంతటదే ఆగిపోతాంది" అంటూ ఎంతోమంది సీపీయూలు మోసుకొచ్చారు. విప్పి చూస్తే చీమలు, దుమ్ము, ఒకసారి బల్లి గుడ్లు. దయ్యం మాత్రం ఒక్కదాంట్లోనూ దొరకలేదు. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే వేరే దారి లేక.

మా సొంతూరు ఆళ్లగడ్డ. నాయన శిల్పి. అన్న కూడా అదే పని పట్టాడు. నేనొక్కణ్ణే రాయిని వదిలి కీబోర్డు పట్టుకున్నాను. నాయన దృష్టిలో అదొక పనే కాదు.

అన్న ఏ రాయి మీదైనా ఉలి పెట్టేముందు బొమ్మను మా పని షెడ్డులోని కంప్యూటర్లో గీసుకునేవాడు. తనకు అలవాటైన పాత సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు. అందుకని ఒకే కంప్యూటర్లో రెండు హార్డ్‌డిస్కులు పెట్టాను. ఒకదాంట్లో కొత్త విండోస్, ఇంకోదాంట్లో పాతది. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి. మొదటిది 'బిల్లులు', రెండోది 'బొమ్మలు'. ఆ పేర్లు అన్న పెట్టినవే. ఏది కావాలో మనం ఎంచుకోవాలి. ఎవరూ ఏమీ నొక్కకపోతే కాసేపు చూసి బిల్లుల్లోకే పోతుంది.

పోయినేడు వేసవిలో ఒక రాత్రి పడుకున్న అన్న పొద్దున లేవలేదు. గుండెపోటన్నారు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ల ఉలిని ఏడాది తిరిగేదాకా ఎవరూ ముట్టరు. నూనె రాసి, గుడ్డలో చుట్టి పక్కన పెడతారు. కర్మలన్నీ అయ్యాక నాయన నన్ను పిలిచి కంప్యూటర్ చూపించాడు.

"వాడు బొమ్మలు గీసేది దేంట్లో?"

రెండో డిస్కులో అని చెప్పాను.

"అట్లయితే అదీ ఉలే. తీసి పక్కన పెట్టప్పా. సంవత్సరీకం అయినాక చూద్దాం."

డిస్కుకు కూడా ఆనవాయితీయా అని నవ్వొచ్చింది గానీ, ఆయన ముఖం చూసి స్క్రూడ్రైవర్ తీశాను. క్యాబినెట్ విప్పి, ఆ డిస్కుకున్న రెండు వైర్లూ పీకి, రబ్బరు బ్యాండుతో కట్టేసి, మళ్లీ మూత బిగించాను. వైర్లు లేని డిస్కు ఇటుకరాయితో సమానం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత చాలాకాలం నాయన రాయి మీద చెయ్యి వేయలేదు. కొత్తపల్లె వాళ్ల అభయాంజనేయుడి రాయి షెడ్డులో అలాగే పడి ఉంది. అన్న చివరగా ఒప్పుకున్న పని అది. గీసిన బొమ్మను ప్రింటు తీసి గోడకు అంటించాడు కూడా. అమ్మ పోరగా పోరగా, "వాని మాట పోగూడదు, నేనే చేస్తా" అన్నాడు నాయన. మాకు సంతోషం కన్నా భయమే ఎక్కువైంది. బీటపడిన విగ్రహం పూజకు పనికిరాదు. కొడుకు ఒప్పుకున్న దేవుడు తన చేతిలో పగిలితే నాయన ఇక మనిషి కాడు.

మొదలుపెట్టింది ఆదివారం పొద్దున. కొట్టుకు సెలవు కాబట్టి నేనూ వెళ్లాను. నాయన కొబ్బరికాయ కొట్టి, గోడ మీది ప్రింటు చూసి రాయి మీద గీతలు పెట్టాడు. ఎత్తిన కుడిచెయ్యి పక్కన ఉలి ఆనించాడు. అంతకుముందు పోయిన కరెంటు అప్పుడే వచ్చింది.

కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే లేచేలా పెట్టింది నేనే. అందులో వింత లేదు. రెండు పేర్లూ వచ్చాయి. అందులోనూ వింత లేదు, ఆ పేర్లు ఉండేది మొదటి డిస్కులో. రెండోది ఎంచుకుంటే డిస్కు లేదని చెబుతుంది, అంతే. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. నేను చూస్తుండగానే, ఏ పేరు ఎంచుకున్నామో చూపే తెల్లటి పట్టె రెండో పేరు మీదికి దిగింది. 'బొమ్మలు' తెరుచుకుంది.

అన్న ఎప్పుడూ పూర్తిగా షట్‌డౌన్ చేసేవాడు కాదు. ఆపిన చోటే మళ్లీ తెరుచుకునేలా నిద్రపుచ్చేవాడు. అలాగే తెరుచుకుంది. అదే ఆంజనేయుడు, కానీ గోడ మీది బొమ్మ కాదు. తెర మీద గీసిన రాయిలో విగ్రహం జానెడు పక్కకు జరిగి ఉంది. అంతకుముందు కుడిచెయ్యి ఉన్నచోట ఎర్రటి గీత ఉంది.

"నాయనా, ఆగు" అని అరిచాను.

నాయన వచ్చి తెర వంక చాలాసేపు చూశాడు. వెళ్లి రాయి మీద బిందెడు నీళ్లు పోశాడు. నీళ్లు ఆరుతుంటే, ఎర్ర గీత ఉన్నచోటే వెంట్రుక మందాన తడి నిలిచిపోయింది. సుత్తితో తట్టాడు. అంతటా గంటలా పలికిన రాయి అక్కడ మాత్రం మొద్దుగా పలికింది.

"నెర్రె ఉండాది. వాడు చూసినాడు, చూసి బొమ్మను జరిపినాడు. మనమే వాని ఉలి మూసిపెట్టినాం."

అంటూ రాయికి ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. అన్న పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

కరెంటు మళ్లీ పోయింది. నేను మూత విప్పాను. రబ్బరు బ్యాండు నేను కట్టినట్టే ఉంది, వైర్ల మీద దుమ్ము కూడా చెదరలేదు. మొదటి డిస్కులో ఎక్కడైనా ఆ బొమ్మ ఉందేమోనని తర్వాత వెతికాను, లేదు. సంవత్సరీకం అయ్యాక వైర్లు తగిలించి చూశాను. బొమ్మ ఉంది, ఎర్ర గీత ఉంది. ఆ డిస్కు చివరిసారి నడిచింది మాత్రం అన్న చివరిసారి పడుకున్న రోజు సాయంత్రం. పొద్దున లేచి నాయనకు చెబుదామనుకుని ఉంటాడు.

జానెడు జరిపి చెక్కిన స్వామి ఇప్పుడు కొత్తపల్లెలో చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. నాయన రోజూ ఉలి పడుతున్నాడు. మా నాయన మాకు దక్కాడు. అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మొక్కాల్సింది అన్నకేనని మాత్రం తెలుసు.

ఆదివారం ఇంటికెళ్లి ఆ కంప్యూటర్ స్విచ్ వేస్తే, ఒకప్పుడు దాని వంకే చూడని నాయన పని ఆపి వచ్చి నా వెనక నిలబడతాడు. రెండు పేర్లూ వచ్చాక, "కాసేపు ఏం నొక్కొద్దప్పా" అంటాడు. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేస్తాను.