ఉతికి ఆరవేసిన ఊరు

ఓవర్సియరుగారు పోయిన సంగతి నాకు జవుళి షావుకారుగారి నోట తెలిసింది. పొద్దున్నే వచ్చి నా వీధి అరుగు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, "తెల్లారగట్ల పోయారమ్మా, నిద్దట్లోనే. పుణ్యాత్ముడు" అన్నారు. నేను నోరు తెరిచేలోపున తరువాతి మాట కూడా అనేశారు. సాయంత్రం టౌనుహాల్లో సంతాపసభ ఏర్పాటు చేస్తున్నారట. హాలు దొరికిందట. దండలకు పురమాయించారట. ఆయనను బాగా ఎరిగినదాన్ని గనుక నేను మాట్లాడాలట.

ఆ సభకు నేను వెళ్ళలేదు. అక్కడ చెప్పదగిన మాటలు నా దగ్గర లేవు. నా దగ్గర ఉన్న మాటలు అక్కడ చెప్పనివ్వరు. అందుచేత ఈ పత్రిక చదివేవారికి చెప్పుకుంటున్నాను.

ఆయన మా విజయనగరంలో ఇళ్ళ ప్లానులు చూసే ఓవర్సియరుగా చేసి రిటైరయ్యారు. స్వస్థలం కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లె. వరి పండించుకునే కుటుంబం. మద్రాసు వెళ్ళి చదువుకుని వచ్చినా మాట మాత్రం ఊరి మాటగానే ఉంచుకున్నారు. ఎవరైనా దెప్పితే, "నా బాస మార్సీసుకుంటే మా నాయన నన్ను పోల్సలేడండి" అనేవారు. ఆ నాయన పోయి ఎంతో కాలమైంది. అయినా అదే జవాబు.

ఆయనను నేను మొదట చూసింది నా ఇంటి ప్లాను పట్టుకు వెళ్ళిన రోజున. బాలికల పాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా ఉన్న రోజులవి. నా జీతంతో, నా పేరున స్థలం కొనుక్కుని, రెండు గదుల ఇల్లు కట్టుకోదలిచాను. గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి భర్తగారి సంతకం కావాలన్నాడు. లేరన్నాను. తండ్రిగారిదన్నాడు. లేరన్నాను. అయితే అన్నగారినైనా తీసుకురమ్మన్నాడు. లోపలిగదిలోంచి ఒక పొట్టి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఒరే, ఇల్లు కడతన్నది ఆవిడ. రేపు కప్పు కారితే ఆవిడ నెత్తి మీద కారతాది గాని ఆళ్ళన్న నెత్తి మీద కారదు. మరి నీ బాదేటి?" అన్నారు. తరువాత నా ప్లాను చూసి నన్నూ వదలలేదు. వంటింటి కిటికీ తూర్పున పెడితే వెలుగు వస్తుంది, నిజమే, పొగ ఎలా పోతుందని అడిగారు. కిటికీ మార్చాను. ఒకరు చెప్పగా నేను నిర్ణయం మార్చుకున్న సందర్భాలు నా జీవితంలో ఎక్కువ లేవు.

ఊళ్ళో ఎవరు గోడ లేపినా, అరుగు కట్టినా, సత్రానికి వసారా దించినా దాని పటం ఒకటి ఆఫీసులో ఉండేది. ఆ రోజుల్లో వాటిని కాగితం మీద కాక గుడ్డ మీద గీసేవారు. సన్నని నూలుగుడ్డకు గంజి దట్టంగా పట్టించి, నున్నగా సాపు చేస్తే, అడుగున పెట్టిన గీత పైకి కనబడేటంత పలచగా తయారవుతుంది. దాని మీద నల్లసిరాతో గోడలు, ఎర్రసిరాతో కాలువలు గీసేవారు. గంజి ఉన్నంతవరకే ఆ గీతలు ఉంటాయి. తడి తగిలిందంటే గంజితో పాటు సిరా లేచిపోతుంది. అందుకని వానరోజున ఎవరు ఏ పని మీద వచ్చినా, "మబ్బు ఇడనీ బాబూ" అని గుమ్మంలోంచే పంపివేసేవారు. పటం ముట్టుకోబోయే మనిషి చేతులు తన పంచెకొంగుతో తానే తుడిచేవారు. ఒకసారి జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి చేతులను కూడా అలాగే తుడవడం నేను చూశాను. ఆ అధికారి చంటిపిల్లవాడిలా చేతులు చాపి నిలబడ్డాడు.

ఆఫీసులో పాతవి తీసివేయవలసి వచ్చినప్పుడు, ఈయన పైవారి అనుమతి పుచ్చుకుని ఆ పటాలన్నింటినీ బళ్ళ మీద తన ఇంటికి చేర్చుకున్నారు. రేకు గొట్టాల్లో దూర్చి, వేపాకూ కర్పూరమూ వేసి, ముందుగది నిండా పేర్చారు. భార్య మంచం వసారాలోకి మారింది. ఆవిడ నాతో, "నాకు సవితి లేదనుకున్నానమ్మా. ముసిలితనంలో బండెక్కి వచ్చీసింది" అని నవ్వేది. ఆవిడ ముందే వెళ్ళిపోయింది. ఇదంతా చూడలేదు, అదృష్టవంతురాలు.

ఆ గుడ్డల విలువ నేను కళ్ళారా చూసినది ఒక వితంతువు విషయంలో. భర్త పోగానే ఆమె బావగారు, పెరటివైపు గది పూర్వం పశువులశాల అనీ, దానికి వీధిలోకి దారే లేదనీ, కనుక అందులో ఆమెకు వాటా లేదనీ వాదించాడు. పదిమంది పెద్దలూ అతని మాటకే మొగ్గారు. ఓవర్సియరుగారు గొట్టం చంకన పెట్టుకుని వచ్చి, చాప పరిపించి, పటం విప్పి, నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టారు. ఆ గదికి సందులోకి గుమ్మం ఉన్నట్టు నల్లగా గీసి ఉంది. గుడ్డ మీద ఎవడైనా ఏదైనా గీస్తాడని బావగారు ఎగతాళి చేశాడు. ఈయన లేచి, సందులోకి వెళ్ళి, గోడ మీద ఒక చోట కర్రతో కొట్టి, అక్కడ సున్నం చెక్కించారు. వెనకాల కొత్త ఇటుకల మధ్య టేకు ద్వారబంధం బయటపడింది. "ఇల్లు అబద్దం సెప్పదు నాయనా. ఇంటోడు సెప్తాడు" అన్నారు, చాలా మెల్లగా, బావగారి భుజం మీద చెయ్యి వేసి.

ఆ రోజున ఊరంతా ఆయనను మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే జాగ్రత్తపడింది కూడా. పూడ్చిన గుమ్మాన్ని బయటపెట్టిన గుడ్డ, ముందుకు జరిగిన అరుగునూ మింగిన కాలువనూ బయటపెట్టగలదని వ్యాపారం చేసుకునేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

వయసు మీద పడ్డాక ఆయనకు ఒకటే దిగులు. కొడుకు గరివిడి ఫ్యాక్టరీలో ఉద్యోగి. క్వార్టర్సులో ఇరుకుగా కాపురం. తన తరువాత ఈ పటాలు ఏమవుతాయి? ఊరివి ఊరికే అప్పజెప్పాలన్నారు. పొడిగా ఉండే గది, దానికొక తాళం, అప్పుడప్పుడూ చూసే మనిషి కావాలి. అంతకు మించి ఆయన కోరలేదు. మేము ఒక సంఘం పెట్టాము. జవుళి షావుకారుగారు అధ్యక్షులు. సభ్యుల్లో ఆడదాన్ని నేనొక్కతెను. సమావేశాలు జరిగాయి, పకోడీలు తిన్నారు. ఎన్నికలు కానివ్వమన్నారు. ఎన్నికలయ్యాయి. విశాఖపట్నానికి ఉక్కు ఫ్యాక్టరీ రావలసిన రోజుల్లో ఈ పాతగోడల గొడవేమిటని ఒకరు ఉపన్యసించారు. చివరకు ఆయనకు శాలువా కప్పుదామని తీర్మానించి, కప్పారు. తిరిగి వస్తూ దారిలో ఆయన నాతో, "గది అడిగితే దుప్పటిచ్చేరండి" అన్నారు.

ఎట్టకేలకు షావుకారుగారే తమ పెద్దలు కట్టించిన సత్రంలో ఒక గది ఇచ్చారు. ఇచ్చారన్న సంగతి దాచను. ఓవర్సియరుగారు ఒక్కొక్క గొట్టమే మోసుకెళ్ళి అక్కడ పేర్చుకున్నారు. కూలీని పెట్టుకోమంటే వినలేదు. గదికి తాళం వేసి తాళపుచెవి అధ్యక్షులకు అందించిన రోజున, కూతురిని మంచి ఇంటికి పంపిన తండ్రిలా ఉన్నారు. నీళ్ళు మాత్రం దగ్గరకు రానివ్వవద్దని సమావేశంలో మరీ మరీ చెప్పారు. మగవారందరూ తలలూపారు. ఊడ్చేదీ తుడిచేదీ ఎవరో వారికి తెలుసు. ఇంటికి వెళ్ళి ఆ ఆడవారితో ఒక్క మాట చెప్పినవాడు లేడు.

పైడితల్లమ్మ పండగ వస్తోందంటే మా ఊళ్ళో సున్నం పడని గోడా, ఉతకని గుడ్డా ఉండవు. మైలగుడ్డ ఒక్కటి మిగిలినా ఆ ఏటి మొక్కు అమ్మవారికి చేరదని పెద్దవాళ్ళు అంటారు. ఆ వారం నేను శ్రీకాకుళంలో మా చెల్లెలి దగ్గర ఉన్నాను. షావుకారుగారి ఇల్లాలు, వారి వీధి ఆడవారూ కలిసి, సంఘానికి సాయం చేయాలనే సదుద్దేశంతో, సత్రం శుభ్రం చేయడానికి పూనుకున్నారు. గొట్టాల్లో బూజు వాసన కొడుతున్న గుడ్డలు కనబడ్డాయి. కాగుల్లో నీళ్ళు కాచి, చవుడూ సోడా వేసి, నానబెట్టి, బండల మీద ఉతికారు. సత్రం పెరట్లో తాళ్ళు కట్టి ఆరవేశారు. ఓవర్సియరుగారు పండగకు ముందు ఒకసారి చూసిపోదామని అప్పుడే అక్కడికి వచ్చారు.

అక్కడ జరిగిన మాటలు ఆ ఇల్లాలే నాకు తరువాత ఏడుస్తూ చెప్పింది. ఆయనను చూడగానే ఎదురు వెళ్ళి, "అన్నయ్యగారూ, మరకలన్నీ పోయాయి. ఎంత గీసేసారండి బాబూ, ఓ పట్టాన వొదల్లేదు. మల్లుగుడ్డలాగ ఎంత మెత్తగా వచ్చిందో సూడండి" అన్నదట. ఆయన తాళ్ళ మధ్యన కాసేపు నడిచారట. ఒక గుడ్డ అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశారట. "బాగా ఉతికేరమ్మా" అన్నారట. మంచినీళ్ళు అడిగి, తాగకుండా గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చున్నారట.

ఆ ఇల్లాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ సంఘం కోసం ఒళ్ళు వంచినవారు వాళ్ళొక్కరే. గుడ్డ పారవేయడానికి మనసొప్పక, చంటిపిల్లలకు జుబ్బాలు కుట్టి ఆసుపత్రిలో పంచారు. తదుపరి సమావేశంలో మగవారు దానిని సంఘం చేసిన తొలి సేవాకార్యంగా చదివి చప్పట్లు కొట్టారు. ఓవర్సియరుగారు ఆ చప్పట్ల మధ్య కూర్చుని ఉన్నారు. షావుకారుగారు ఆయన వైపు తిరిగి, పటాలు పోతే పోయాయి, బిల్డింగులు ఎక్కడికీ పోలేదు కదా అని ఓదార్చారు.

"బిల్డింగులున్నాయి షావుకారూ. ఉండవలసిన కాడ లేవు" అన్నారు ఆయన.

అందరూ పకోడీల పళ్ళెం వైపు తిరిగారు. ఆ మొహాల్లో విచారం కన్నా ఊరట ఎక్కువ ఉన్నదని నాకు తోచింది. నా అనుమానం ఎంత నిజమో మరునాటి నుంచే తేలింది. ఆయన ఆ వయసులో, కళ్ళు సరిగా ఆనకపోయినా, మళ్ళీ టేపు పట్టుకుని బయలుదేరారు. ఊరిని మొదటి నుంచి కొలుస్తానన్నారు. కొన్నాళ్ళు నేనూ వెంట వెళ్ళాను. ప్రతి ఇంటా కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. ఆయన గుణగణాలు పొగిడారు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మాత్రం ఒక్కరికీ తీరిక లేకపోయింది. పట్టుకుంటానన్న నన్ను గోడ దగ్గరకు రానివ్వలేదు. మార్కెట్టు వెనక సందులో బెల్లం వ్యాపారి ఒకడు కాలువ మీద రాతిపలకలు పరిచి, అప్పటికే వాటి మీదికి కొట్టును జరిపి ఉన్నాడు. అతనైతే నోరు విడిచి చెప్పాడు: "మళ్ళీ కొలతలేటండి బాబూ. పోయినవి పోనాయి. ఈ ఒయసులో సల్లగా కూకోక ఎందుకొచ్చిన తిప్పలు? ఏటి, బెల్లం ముక్క నోట్లో ఏసుకుంటారా?" బెల్లం ముక్క చేతిలో పెట్టాడు కూడా. దానిని ఏం చేయాలో తెలియక ఓవర్సియరుగారు ఇల్లు చేరేవరకూ పట్టుకునే ఉన్నారు.

నా ఇల్లయినా కొలవమని అడిగాను. నవ్వారు. "మీ ఇల్లు ఎక్కడికీ జరగలేదు కదమ్మా, కొలిసి ఏం సేస్తాను" అన్నారు. ఆ తరువాత టేపు పట్టుకోవడం నేను చూడలేదు.

మొన్న ఆయనను తీసుకువెళ్ళారు. ఆడవారు వీధి మొగ దాటి రాకూడదన్నారు. నేను దాటాను. శ్మశానానికి దారి మార్కెట్టు వెనక సందులోంచే. కాలువ మీద నిలిచిన కొట్టుకూ, ఎదురుగా ముందుకు వచ్చిన మరో అరుగుకూ మధ్యన, పాడె మోసేవారు ఇద్దరిద్దరుగా పట్టలేదు. ఊరేగింపు ఆగింది. బెల్లం వ్యాపారి గబగబా దిగివచ్చి, అడ్డుగా ఉన్న బస్తాలు తానే లాగివేశాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నటన అని నేననను. రెండు చేతులూ జోడించి, గోడకు అంటుకుని నిలబడి, "కాస్త ఒంచండర్రా, ఒంచితే దాటతాది" అన్నాడు.

మోసేవారు పాడెను ఒక పక్కకు ఒంచారు. పూలు జారి రాతిపలకల మీద పడ్డాయి. తాళ్ళతో కట్టి ఉన్న ఓవర్సియరుగారు పక్కకు ఒరిగి, కొత్త గోడ వైపు మొహం పెట్టి, తాను మళ్ళీ కొలవలేకపోయిన ఆ సందును ఒక్కొక్క అడుగుగా దాటి వెళ్ళారు.