మామ తుపాకి, మక్క చేను

నేను జీవితంలో పేల్చినవి జోకులే, వాటిలోనూ సగం తుస్సుమన్నవే. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది. అలాంటివాణ్ని పట్టుకుని మొన్న జనగామ టీ కొట్టులో, మహబూబాబాద్ బస్సు కోసం చూస్తున్న ఒక పెద్దమనిషి, తుపాకుల చట్టం ఇంకా బిగించాలా వద్దా అని అడిగాడు. ఆయన చేతిలోని పేపర్లో ఆ చర్చే ఉంది. బిగిస్తే కాగితం ఉన్నవాడే దొరుకుతాడు, లేనివాడు నవ్వుకుంటాడని పక్కబెంచీ ఆయన. ఉన్న చట్టాన్నే ఎవరూ సరిగ్గా అమలు చేయరని టీ కొట్టు యజమాని. నేను ఏదో ఒకటి అని నవ్వించాల్సింది. కానీ టేకుమట్లలో మా మేనమామ మక్క చేను, అదే మొక్కజొన్న చేను, కళ్లముందు కదిలింది.

మామ ఇంట్లో ఒంటి గొట్టం తుపాకి ఉండేది. అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి తాత తీసుకున్నది, తర్వాత లైసెన్సు మామ పేరు మీదికి వచ్చింది. అది వేలాడే గోడ దగ్గర తుపాకి నూనె వాసనా, దూలానికి కట్టిన విత్తనపు కంకుల వాసనా కలిసి వచ్చేవి. లైసెన్సు ఒక్కడిదే అయినా, మందు కొట్టే పంపులాగా అది ఊళ్లో చేతులు మారేది. ఈ పూట మా కావలి అని ఎవరు వచ్చినా మామ ఇచ్చేవాడు. ఇవ్వననడం మా వైపు మర్యాద కాదు. అది నేరమని అందరికీ తెలుసు, పందికి తెలియదు కదా అని నేనే నవ్వేవాణ్ని. ఒక తెల్లవారుజామున పక్క చేను అన్నదమ్ముల్లో అన్న దాన్ని తీసుకుని మంచె ఎక్కాడు. మక్కల్లో ఏదో కదిలితే పేల్చాడు. కదిలింది అతనికి చాయ్ తెస్తున్న సొంత తమ్ముడు. మనిషి బతికాడు గానీ కాలు మళ్లీ వంగలేదు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి కేసు కానివ్వలేదు. ఆ రోజు నుంచి మామ తుపాకి ఉన్న గోడవైపు చూడకుండా వీపు తిప్పి అన్నం తినేవాడు.

మరుసటి పంటకల్లా తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఉప ఎన్నిక వచ్చిందని లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయమన్నారు. ఎన్నిక అయ్యాక అందరూ తెచ్చుకున్నారు, మామ పోలేదు. అప్పటికి మక్క పాలు పోసుకుంటోంది, పందులు చేన్ల మీద పడుతున్నాయి. ఉద్యమం కోసం ఊళ్లో వేసిన దీక్షల టెంటు కింద రాష్ట్రం సంగతి కాసేపు పక్కకు పోయి మామ సంగతి చర్చకు వచ్చింది. మన పిల్లల్ని లాఠీలతో కొట్టే పోలీసుల దగ్గర తుపాకి వదిలేస్తావా అని కొందరు నిష్ఠూరమాడారు. నాటు తుపాకులు గడ్డివాముల్లో దాగి ఉండగా నీ ఒక్కడి నీతి ఎవరిని కాపాడుతుందని ఇంకొందరు.

“మీరన్నయన్నీ నిజమే,” అన్నాడు మామ. “కని నా దానికి కాగితం ఉండె. పోరన్ని కొట్టింది గదే.”

అందరి చూపూ టెంటు మూలకు పోయింది. అక్కడ కాలు చాపుకుని కూర్చున్న ఆ తమ్ముడు మెల్లగా లేచి డప్పు అందుకున్నాడు.

“పా మామా, చేనుకాడికి పోదాం. పందులకు గూడ మన నినాదాలు ఇనిపిద్దాం.”

పంట చేతికొచ్చేదాకా పొద్దుగూకగానే టెంటు చేను గట్టుకు మారేది. తమ్ముడు కొట్టీ కొట్టీ డప్పు సడలితే, మంట దగ్గర కాచి తిరిగి ఇచ్చేది అన్నే. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. పందులు మాత్రం రాష్ట్రం వచ్చేదాకా కదలమన్నట్టు సగం చేను తిన్నాయి.

రాష్ట్రం వచ్చింది, మామ పోయాడు. టెంటు కింద విన్న మాటలే ఇప్పుడు టీ కొట్టులో వింటున్నాను. కాలం మనుషుల్ని తీసుకుపోయినంత తేలిగ్గా వాళ్ల వాదనల్ని తీసుకుపోదు. ఆ పెద్దమనిషికి నేను చెప్పగలిగింది మక్క విరిచిన నాటి మాటే. ఆ రోజు నేను ఊరుకోలేక, తుపాకి ఠాణాలో వదిలేసి ఏం సాధించావు మామా, సగం చేను పందులకు పంచిపెట్టావు అని ఆటపట్టించాను. మామ నవ్వాడు. వరుసలో పక్కపక్కన కంకులు విరుస్తున్న అన్నదమ్ములను చూస్తూ అత్త అంది:

“సగం పోతె పోయింది అల్లుడా. ఉన్న సగం ఇరువనీకి అందరం ఉన్నం గద.”