ప్లగ్గులు మార్పించి అత్తకు చేసిన ద్రోహం

మా మేనత్త దగ్గర శకునాల జాబితా పెద్దదే. అందులో తుమ్ముకు మాత్రం మినహాయింపు ఉంది. మిరపకాయల కాలంలో గుంటూరు చుట్టుపక్కల తుమ్మని మనిషి ఉండడు కాబట్టి, ఆ నాలుగు నెలలూ తుమ్ము చెల్లదని ఆవిడే తీర్పు చెప్పింది.

కారు స్టార్ట్ కాకపోవడం మాత్రం ఏడాది పొడవునా చెల్లుతుంది. చనిపోయిన మావయ్య కొన్న పాత కారు అది, నల్లపాడులో మా ఇంటి ముందే ఉంటుంది. సెల్ఫ్ కొడితే దగ్గి ఊరుకునేది. వెంటనే అత్త అందరినీ దింపి, కాళ్లు కడిగించి, మంచినీళ్లు తాగించి, పావుగంట కూర్చోబెట్టేది. తర్వాత తాళం తిప్పితే బుద్ధిగా స్టార్టయ్యేది. ఇక నమ్మక ఏం చేస్తాం? ఇంత చదువుకుని నేనూ నమ్మాను.

అత్త కంటి ఆపరేషన్ దగ్గర మాత్రం నీళ్లు పనిచేయలేదు. బ్రాడీపేట ఆసుపత్రికి బయల్దేరిన మూడుసార్లూ కారు దగ్గగానే, "ఈవేళ కాదులేరా," అని దిగి లోపలికి వెళ్లిపోయింది. ఆటో ఎక్కదు. మావయ్య కారే కావాలి. ఇంకా ఆలస్యమైతే ఆ కన్ను దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

నాకు ఒళ్లు మండి కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను ప్లగ్గులన్నీ విప్పి నా చేతిలో పెట్టాడు. మసి పట్టి, కొనలు అరిగిపోయి ఉన్నాయి.

"ఇవెప్పుడు మార్చారండీ?"

"మార్చాలా?"

అతను నన్ను జాలిగా చూశాడు. నిప్పురవ్వ సరిగా రాక ప్లగ్గులు పెట్రోలుతో తడిసిపోతున్నాయట. పావుగంట ఆగితే ఆరి, మళ్లీ అంటుకుంటోందట. నేను అత్త నీళ్ల వైద్యం సంగతి చెప్పాను.

"నీళ్లు మీరు తాగండి సార్, తప్పులేదు. ప్లగ్గులు మాత్రం ఏడాదికోసారి చూపించండి," అన్నాడు.

మర్నాడు పొద్దున అత్త ముందు సీట్లో కూర్చుంది. తాళం తిప్పీ తిప్పగానే ఇంజన్ అందుకుంది. "కొత్త ప్లగ్గులు వేయించానత్తా," అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. పిల్లి కోసం కాబోలు, రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. ఆఖరికి తనే గట్టిగా తుమ్మింది.

"చెల్లదత్తా. ఇది కాయల కాలం."

నవ్వుతూ అటు తిరిగాను. ఆవిడ రెండు చేతులతో డోరు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"భయమేస్తోందిరా," అంది. "కంట్లో కత్తి పెడతారంట."

నా మీద నాకే సిగ్గేసింది. ఇంజన్ ఆపి, ఆవిణ్ణి దింపి, కాళ్లకు నీళ్లిచ్చి, మంచినీళ్లు తాగించి, పావుగంట పక్కనే కూర్చున్నాను. మళ్లీ ఎక్కాం. మళ్లీ ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"ఎవడు మార్పించమన్నాడురా ఆ ప్లగ్గులు!" అని బ్రాడీపేట దాకా తిడుతూనే ఉంది. గేరు మార్చాల్సిన నా ఎడమ చెయ్యి మాత్రం వదల్లేదు. రెండో గేరులోనే తీసుకెళ్లాను.