రగతం బావ

కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు తెచ్చుకుని కూడా పప్పులో కాలేసిన మూర్ఖుణ్ణి నేను. నిజానికి వేసింది కాలు కాదు, చొక్కా.

అరవై ఎనిమిదిలో, కొత్తల్లుడిగా శ్రీముఖలింగం దగ్గర అత్తవారింట్లో ఉన్నాను. సైన్సు మాస్టరు ఉద్యోగం విషయమై ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరుగారు నన్ను చూడటానికి వస్తానన్నారు. సరిగ్గా ఆ రోజే, ఉన్న ఒక్క తెల్లచొక్కా మీద పప్పు ఒలికింది. నూతి దగ్గరికి వెళ్లి, ఆ పసుపు మరకను ఒంటిమీదే బట్టలసబ్బుతో రుద్దాను. గుండెమీద ఎర్రగా పొంగింది.

“ఓలమ్మో! అల్లుడుబాబుకి రగతం కారిపోతన్నాదిరో!” అని అత్తగారు కేకేశారు. పెద్దావిడ చెబుతున్నారు కదా అని నాకూ గుండెనొప్పి మొదలైంది. మంచమెక్కాను.

హెడ్మాస్టరుగారు గుమ్మంలో అడుగుపెట్టేసరికి, ఐదో తరగతి తప్పిన నా బావమరిది అప్పన్న ఆ ఎరుపుమీద నిమ్మకాయ పిండుతున్నాడు. ఎరుపు పోయి పసుపు మిగిలింది.

“సబ్బు తగిల్తే పసుపు ఎర్రబడదేటి బావా? మొన్న పెళ్లిలో నీ కాళ్ల పారాణి పసుపూ సున్నమే గదా! మాస్టారూ, ఈయన్ని ఐదో తరగతిలో కూకోబెట్టండి.”

ఉద్యోగం దయతలచి ఇచ్చారు. ఊళ్లో పేరు మాత్రం ‘రగతం బావ’గా స్థిరపడింది.

మరుసటేడు అప్పన్న పెళ్లి. చాకలిసోడాలో ఉతికిన తెల్లపంచె కట్టాడు. సోడా తగిలితే గులాబీరంగు తిరిగే మందొకటి బడిలో ఉంటుంది. దాన్ని పన్నీరుబుడ్డిలో పోసి, ఆప్యాయంగా చిలకరించాను. పంచె గులాబీతోట అయింది.

“నిమ్మకాయ తెండర్రా!” అని పెళ్లికొడుకు అరిచాడు.

విడిదింట్లో నిమ్మకాయలన్నీ అప్పటికే నా సంచిలో ఉన్నాయి. నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను.