లెస్టర్ నుంచి వాపసొచ్చిన పెట్టె

పద్మారాణి సూరత్ వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. జగిత్యాల దగ్గరి పల్లెలో పెళ్లయిన మూడో నెలకే భర్త మల్లేష్ వెంట రైలెక్కింది. మల్లేష్ సూరత్ శివార్లలోని జోల్వాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తాడు. వాళ్లది ఉన్ అనే పేటలో రెండు గదుల ఇల్లు. మొదటి పదేళ్లు ఆమె మార్కెట్ వ్యాపారులు ఇళ్లకు పంపే చీరలకు లేసు కుట్టింది, వేలాడే దారాలు కత్తిరించింది. తర్వాత పక్క గల్లీలో ఉండే ఒక ముసలి జరీ పనివాడి దగ్గర ఖాట్లీ పని నేర్చుకుంది. చెక్క చట్రానికి బట్ట బిగించి, సూదితో జరీ, పూసలు కుట్టే పని అది. చేయి బాగా కుదిరింది. అందరూ కుట్టే పువ్వులూ నెమళ్లూ కాకుండా చున్నీ అంచుకు జొన్నకంకులు కుట్టడం మొదలుపెట్టింది. చిన్న చిన్న తెల్ల పూసలతో గింజలు, పచ్చదారంతో ఆకులు. సూరత్‌లో అలాంటి అంచు ఇంకెవరూ కుట్టగా నేను చూడలేదు.

కూతురు సింధూజ బీకాం మొదటి ఏడాదిలో ఉండగా తల్లి చున్నీలకు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పేజీ పెట్టింది. రెండేళ్లలో సింగపూర్‌కు ఒకటి, కెనడాకు రెండు, అలా పదిహేను దాకా వెళ్లాయి. కొన్నవాళ్లు కార్డుతో కట్టేవాళ్లు. ఆ డబ్బు పేమెంట్ కంపెనీ ఖాతాలో పడి, నాలుగు రోజుల్లో బ్యాంకుకు వచ్చేది. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అందుకే లెస్టర్ నుంచి భావిషాబెన్ ఫోన్ చేసినప్పుడు ఎవరికీ అనుమానం కలగలేదు.

భావిషాబెన్ అక్కడ గుజరాతీల పెళ్లిళ్లకు ఏర్పాట్లు చేసే మనిషి. డిసెంబర్ చివర్లో ఒక పెళ్లి ఉందని, పెళ్లికూతురి స్నేహితురాళ్లకు ఒకే రంగువి పద్నాలుగు చున్నీలు కావాలని అడిగింది. పద్మారాణికి గుజరాతీ బాగా వచ్చు. ఇద్దరూ అక్కచెల్లెళ్లలా మాట్లాడుకున్నారు. కింద కూర్చుని పని చేస్తే మోకాళ్లు నొప్పి పుట్టవా అని భావిషాబెన్ అడిగి, ఏ నూనె రాసుకోవాలో కూడా చెప్పింది. చున్నీకి ఆరు వేల చొప్పున, అదే రోజు ఎనభై నాలుగు వేలూ కార్డుతో ఒకేసారి కట్టేసింది. అంత డబ్బు ముందుగా ఎవరైనా కడతారంటే పద్మారాణి రెండు రోజులు నమ్మలేకపోయింది. సింధూజ చేత ఖాతా తెరిపించి పదే పదే చూసింది.

అదే గల్లీలోని కనకవ్వను, జమునను, వినోదను పనిలోకి పిలిచింది. నలుగురూ కలిసి నలభై రోజులు కుట్టారు. బట్టకు, జరీకి, ఆ ముగ్గురి కూలికి వచ్చిన డబ్బులో చాలావరకు ఖర్చయింది. పెట్టె సిద్ధమయ్యాక భావిషాబెన్ మళ్లీ ఫోన్ చేసి ఒక చిన్న సాయం అడిగింది. పార్సిల్ కాగితం మీద అసలు ధర వేస్తే తను అక్కడ బోలెడు పన్ను కట్టాలట. అందుకని ‘శాంపిళ్లు, బహుమతి’ అని రాసి, విలువ మూడు వేలు వేయమంది.

పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో కొరియర్ కౌంటర్ నడిపే పరమేశ్వర్‌ది వేములవాడ వైపు. అతను కలం పట్టుకుని ఆగాడు.

“అక్కా, గిట్ల రాస్తే రేపు ఏమన్న అయితే మన మాట చెల్లది. జర సోంచాయించు.”

మొత్తం డబ్బు ముందే ఇచ్చిన మనిషికి ఇంత చిన్న మాట కాదనడం ఎలా అని పద్మారాణికి అనిపించింది. సంతకం పెట్టింది. తొమ్మిదో రోజున పెట్టె అందింది. చున్నీలు చాలా అందంగా ఉన్నాయని, పెళ్లిలో అందరూ వాటినే చూస్తారని భావిషాబెన్ సందేశం పంపింది.

జనవరి రెండో వారంలో ఒక మంగళవారం పొద్దున, కాలేజీకి బయల్దేరబోతూ సింధూజ ఫోన్ చూసి గడప మీదే నిలబడిపోయింది. పేమెంట్ కంపెనీ ఖాతాలో ఎనభై నాలుగు వేలు ఉన్నాయి, కానీ ముందర మైనస్ గుర్తుతో.

“ఏందే, గీ గీత ఏంది ముందర?”

“మమ్మీ, వాళ్లు పైసల్ వాపస్ తీస్కున్నరు. మన ఖాతాల ఏం లేవు గద, ఉల్టా మనమే బాకీ ఉన్నమంటున్నరు.”

పద్మారాణికి ఆ మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. సరుకు వెళ్లింది, అందింది, బాగుందన్నారు. ఇచ్చిన డబ్బును రెండు నెలలు దాటాక ఎవరినీ అడగకుండా వెనక్కి ఎలా తీసుకుంటారు? సింధూజ ఆ కంపెనీ పంపిన ఉత్తరం చదివి చెప్పింది. చున్నీల రంగు దిగిపోతోందని, పూసలు రాలిపోతున్నాయని, ఒక్కటీ వాడకానికి పనికిరాలేదని భావిషాబెన్ తన బ్యాంకుకు ఫిర్యాదు చేసింది. సరుకు తిరిగి పంపేస్తానని కూడా రాసింది. జవాబు ఇవ్వడానికి పది రోజుల గడువుంది.

పద్మారాణి వెంటనే ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి అసలు కలవలేదు. ఆ రోజు కుక్కర్‌లో అన్నం పెట్టి దించింది కానీ సాయంత్రం దాకా దాని మూత తీయడం ఎవరికీ గుర్తుకు రాలేదు.

మొదట ఆమె అనుమానించింది తన పనినే. మిగిలిన బట్ట ముక్కను తెల్ల బకెట్‌లో నీళ్లు పోసి నానబెట్టింది. మర్నాడు పొద్దున చూస్తే నీళ్లు పోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే తేటగా ఉన్నాయి. పూసలను గోటితో లాగింది. ఒక్కటీ ఊడలేదు. సింధూజ అదంతా వీడియో తీసి కంపెనీకి పంపింది. కొన్నవాళ్లు సరుకు తిరిగి పంపితే డబ్బు వాళ్లకే చెందుతుందని కంపెనీ జవాబు రాసింది. పోనీ, చున్నీలైనా వస్తాయి కదా, మళ్లీ అమ్ముకోవచ్చు అని పద్మారాణి మనసును కూడగట్టుకుంది.

పెట్టె ముంబైలో కస్టమ్స్ దగ్గర ఆగింది. దాన్ని విడిపించడానికి ఇరవై ఆరు వేలు సుంకం కట్టాలని నోటీసు వచ్చింది. మన సరుకు మన ఇంటికి రావడానికి మనం సుంకం కట్టడమేమిటని ఆమె పరమేశ్వర్‌ను అడిగింది. మన దేశం నుంచి వెళ్లిన సరుకే తిరిగి వస్తోందని చూపించగలిగితే మినహాయింపు దొరుకుతుందని, కానీ వెళ్లినప్పటి కాగితంలో మూడు వేల శాంపిళ్లని ఉందని, భావిషాబెన్ తిప్పి పంపినప్పుడు మాత్రం పూర్తి ధర వేసిందని అతను వివరించాడు. రెండూ ఒకటేనని నిరూపించే దారి లేదు. వద్దని పెట్టెను వదిలేస్తే ఎనభై నాలుగు వేలతో పాటు చున్నీలు కూడా పోయినట్టే. మల్లేష్ తన సేఠ్ దగ్గర అప్పు తెచ్చాడు. సుంకం కట్టారు.

పెట్టె వచ్చిన రోజు కనకవ్వ కూడా అక్కడే ఉంది. పద్మారాణి కత్తెరతో టేపు కోసి అట్ట తెరిచింది. లోపల చున్నీలు లేవు. మట్టిరంగు పాత పరదాలు, వాటికి ఇనుప కొక్కేలు ఇంకా తగిలించే ఉన్నాయి. స్నానాల గది ముందు వేసే పట్టాలు రెండు. వంటనూనె వాసన గదంతా కమ్ముకుంది. కనకవ్వే ముందుకు వంగి పరదాలను పక్కకు తీయడం మొదలుపెట్టింది.

“అడుగుకు ఉంటయేమో సూడు బిడ్డా. గింత దూరం నుంచి ఉత్త పాతబట్టలు ఎవలు పంపుతరు?”

అడుగున అట్ట తప్ప ఏమీ లేదు. పద్మారాణి మాత్రం కొక్కేలను ఒక్కొక్కటిగా ఊడదీసి నేల మీద పేర్చుతూ కూర్చుంది. ఎందుకలా చేశానో తనకే తెలియదని నాతో చెప్పింది. సింధూజ వచ్చి చేయి పట్టుకుంటే తప్ప ఆపలేదు.

పరమేశ్వర్ రెండు బరువు చీట్లు తీశాడు. ఇక్కడి నుంచి వెళ్లినప్పుడు తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు. తిరిగి వచ్చినప్పుడు అయిదు కిలోల రెండు వందలు. ఈ తేడా చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారని అతను ధైర్యం చెప్పాడు.

అప్పటికే సింధూజ రోజూ కాలేజీ బస్సులో లెస్టర్ పెళ్లిళ్ల ఫొటోలు వెతుకుతోంది. వెతకడం మొదలుపెట్టిన ఎనిమిదో రోజున ఒక ఫొటోగ్రాఫర్ పేజీలో దొరికింది. డిసెంబర్ ఇరవై తొమ్మిదిన ఒక హాలు మెట్ల మీద పెళ్లికూతురు, చుట్టూ పద్నాలుగు మంది అమ్మాయిలు. అందరి భుజాల మీద జొన్నకంకుల అంచు. పనికిరాలేదన్న చున్నీలు అవే. పద్మారాణి రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి ఒక్కో అంచునూ చూసింది. ఏది తను కుట్టిందో, ఏది జమున కుట్టిందో గుర్తుపట్టింది. కోపం కంటే ముందు ఆమెకు, ఎంత బాగున్నాయి అనిపించింది. ఆ మాట తన మనసులోకి అలా వచ్చినందుకు తనే నిర్ఘాంతపోయింది.

బరువు చీట్లు, పరదాల ఫొటోలు, పెళ్లి ఫొటో అన్నీ జత చేసి సింధూజ అప్పీలు పంపింది. అయిదు వారాలు ఎదురుచూశారు. ఆ అయిదు వారాలూ మల్లేష్ సేఠ్ అప్పు తీర్చడానికి రెండు షిఫ్టులు చేశాడు. ఇంటికొచ్చి అన్నం కలుపుతూ కంచం ముందే కునుకు తీసేవాడు. భార్యను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించేది.

జవాబు నాలుగు వరుసల్లో వచ్చింది. పార్సిల్ కాగితంలో శాంపిళ్లు, బహుమతి, మూడు వేలు అని ఉంది. కాబట్టి ఎనభై నాలుగు వేల సరుకు ఆ పెట్టెలోనే వెళ్లిందనడానికి రుజువు లేదు. కేసు మూసేశారు.

“గా కాయితం మీద దస్కత్ నాదే,” అంది పద్మారాణి.

సింధూజ ఊరుకోలేదు. ఫొటో కింద పేర్లున్న ఎనిమిది మంది అమ్మాయిలకు సందేశాలు పెట్టింది. ఏడుగురు పలకలేదు. హేతల్ అనే నర్సు మాత్రం డ్యూటీ దిగి నేరుగా వీడియో కాల్ చేసింది. తనూ మిగతా వాళ్లూ తలా నూట యాభై పౌండ్లు భావిషాబెన్‌కు ముందే ఇచ్చారని చెప్పింది. అప్పుడు సింధూజ ఫోను తిప్పి మూలన పడి ఉన్న పరదాలు చూపించింది. హేతల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరం కలిసి మళ్లీ డబ్బు పంపిస్తామని అంది. ఒకసారి కట్టినవాళ్లు రెండోసారి కట్టడం న్యాయం కాదని పద్మారాణి గుజరాతీలో చెప్పింది. కావాలంటే జరిగింది జరిగినట్టు నలుగురికీ చెప్పమంది.

పెళ్లి కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది. పెళ్లికూతురు, ఆమె తల్లి, స్నేహితురాళ్లు, భావిషాబెన్ అందరూ అందులో ఉన్నారు. హేతల్ అందులో పరదాల ఫొటో, మెట్ల మీది ఫొటో పక్కపక్కన పెట్టి, కింద బరువు చీట్లు పెట్టింది. పెళ్లికూతురు ఆ రాత్రే ఫోన్ చేసి, తనకేమీ తెలియదని క్షమించమని అడిగింది. ఆ ఏడాది ఆ ఊళ్లో భావిషాబెన్ చేతిలో ఇంకా మూడు పెళ్లిళ్లు ఉన్నాయట. హేతల్ దగ్గర ఖాతా నంబరు తీసుకుని, నాలుగో రోజున భావిషాబెన్ మల్లేష్ బ్యాంకు ఖాతాలో అరవై వేలు వేసింది. దానితో పాటు ఒక్క అక్షరం కూడా రాలేదు. మిగతా ఇరవై నాలుగు వేలు గానీ, సుంకం డబ్బు గానీ ఇప్పటికీ రాలేదు.

వచ్చిన అరవై వేలు పేమెంట్ కంపెనీకే కట్టారు; మిగతా బాకీ తీరేదాకా అది చిన్న చిన్న ఆర్డర్ల డబ్బును మినహాయించుకుంటూ పోయింది. ఇప్పుడు సింధూజ ప్రతి పెట్టెనూ తూకం మీద పెట్టి, సరుకు సర్దడం నుంచి టేపు వేసేదాకా వీడియో తీస్తుంది. కాగితం మీద అసలు ధరే వేస్తారు. దానివల్ల కొన్ని బేరాలు తప్పిపోతున్నాయి కూడా.

మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు, భావిషాబెన్ మీద కోపం తగ్గిందా అని పద్మారాణిని అడిగాను. సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది.

“పైసల్ పోతె మల్ల సంపాయిస్తం. గామె నా మోకాళ్ల నొప్పి అడిగింది. నూనె పేరు చెప్పింది. అన్ని అడుగుకుంటనే గా పని ఎట్ల చేసింది? గదే నాకు ఇప్పటికి తెలుస్తలేదు.”

సేఠ్ అప్పు ఆ వారమే తీరిందని, మల్లేష్ రెండో షిఫ్టు మానేశాడని ఆమే మాట మార్చింది. అది ఆదివారం. లోపలి గదిలో అతను పడుకుని ఉన్నాడు. గోడ గడియారంలో మధ్యాహ్నం పన్నెండు దాటింది. అన్నం వేళయిందని సింధూజ లేపబోతే, పద్మారాణి వద్దన్నట్టు చెయ్యి ఊపి తలుపు దగ్గరగా వేసింది.