నోరా క్లెగ్ పెట్టని సంతకం

నోరా క్లెగ్ కళ్లద్దాలు మళ్లీ కనబడకుండా పోయాయి. సంతకం పెట్టమని విల్ఫ్ హేగ్ కాగితం పట్టుకుని వచ్చినప్పుడల్లా అవి మాయమవుతాయి. అతను గేటు దాటగానే ముక్కు మీదికొచ్చి కూర్చుంటాయి.

విల్ఫ్ కొండమీది కోతినేం అడగలేదు. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో వాళ్లవి ఒకే కప్పు కింద నడిమి గోడ పంచుకున్న జంట ఇళ్లు. గోడకు అటొకటి, ఇటొకటి చలిమంట పొయ్యి, పైన ఇద్దరికీ కలిపి ఒకే చిమ్నీ. విల్ఫ్ భార్య మురియల్‌కు తుంటి ఆపరేషన్ దగ్గర పడింది. ఇంటికొచ్చాక మెట్లెక్కడం కుదరదు కాబట్టి కింది గదిలో మంచం వెయ్యాలి. గదిలోకి పొడుచుకొచ్చిన చిమ్నీ దిమ్మ అందుకు అడ్డం. దాన్ని కింద కొట్టేసి, పై బరువుకు ఇనుప దూలం పెట్టిస్తే చాలని ఇంజనీరు పటం కూడా గీశాడు. నడిమి గోడ గనక నోరా ఒప్పుకోవాలి. బండి అక్కడే ఆగిపోయింది.

"ఇల్లంతా మసి పడుతుంది నాయనా," అందామె. గుడ్డలు కప్పిస్తానన్నాడు. "నా వైపు చిమ్నీ కూలితే?" అంది. ఇంజనీరును తెచ్చి ఆమె వంటింట్లో కూర్చోబెట్టాడు. ఆయన దూలం సంగతి చెబుతుంటే ఆమె కేకు కోసి పెట్టింది. చివరికి, "పైన కాకులు గూడు కట్టుకున్నాయి. వాటి ఉసురు మనకెందుకు?" అంది.

విల్ఫ్ ఇంటికొచ్చి టోపీ విసిరికొట్టాడు. "కాకుల మీదున్న జాలి ఆ ముసల్దానికి నీ మీద లేదే!"

"పోనిద్దూ. ఒంటరి మనిషి, భయమేమో," అంది మురియల్, అల్లిక మీంచి తలెత్తకుండా.

"అసలు నువ్వెవరి పక్షం?"

"బ్యాండు రిహార్సల్‌కి టైమవుతోంది. బయల్దేరు."

ఊరి బ్యాండులో పెద్ద ఇత్తడి బాకా విల్ఫ్‌దే. పెళ్లికి ముందు నుంచీ గురువారం సాయంత్రం రిహార్సల్ తప్పితే అతనికి ప్రాణం పోయినట్టే. ఆ రోజు చిరాకులో పాట కాగితాలు మరిచిపోయి, సగం దారి నుంచి తిరిగొచ్చి వెనక తలుపు తీశాడు. లోపల ఠంగ్ ఠంగ్‌మని చప్పుడు. మురియల్ పొయ్యి ముందు వంగి, నిప్పు ఎగదోసే చువ్వతో వెనకనున్న ఇనుప పలకను కొడుతోంది. గోడ అవతలి నుంచి ఠంగ్‌మని జవాబొచ్చింది. కాసేపటికి అతని వెనకే తలుపు తెరుచుకుంది.

"వెళ్లాడా మీ ఆయన? బెంగపడకు, నేనింకా సంతకం పెట్టలేదులే," అంటూ నోరా పుడ్డింగు గిన్నెతో సరిగ్గా విల్ఫ్‌ను గుద్దుకుంది. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

విల్ఫ్‌కు ఒళ్లు మండిపోయింది. "ఇద్దరూ కలిసి ఆడిస్తున్నారా నన్ను?"

ఇక దాచడం మురియల్ వల్ల కాలేదు. "పోయిన చలికాలం నువ్వు రిహార్సల్‌లో ఉండగా పడిపోయాను. ఫోను మేడ మీదుంది. పాక్కుంటూ వెళ్లి ఆ పలక మీద కొడితే నోరా పరిగెత్తుకొచ్చింది. అప్పట్నుంచీ నువ్వు లేనప్పుడు పలకరించుకుంటాం. అది ఊడగొడితే, ఉత్త గోడని ఎంత బాదినా ఈవిడ చెవికెక్కదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బ్యాండు మానేసేవాడివి."

నిజమే, విల్ఫ్ ఆ రోజే మానేసేవాడు. ఆ మాట గుండెలో గుచ్చుకుంది, అయినా కోపం తగ్గలేదు.

"ముందే ఏడవొచ్చుగా! ఇంజనీరు, దూలం, కాకులు! మరి మంచం ఎక్కడ వేస్తాం, నా నెత్తి మీదా?"

ఇద్దరు ఆడవాళ్లూ చిమ్నీ దిమ్మ పక్క గూట్లోకి చూశారంతే. అక్కడ విల్ఫ్ అద్దాల బీరువా ఉంది, దాన్నిండా బ్యాండు గెలిచిన కప్పులు. ఆదివారం ఆదివారం తానే తుడుస్తాడు, మురియల్‌ను సైతం ముట్టుకోనివ్వడు. ఆ గదిని ఎన్నిసార్లో కొలిచాడు గానీ, ఆ బీరువాకు మాత్రం ఎన్నడూ టేపు పట్టలేదు.

ఇప్పుడు పట్టాడు. బీరువా తీస్తే అక్కడ మంచం పడుతుంది. పడుకుని చెయ్యి చాపితే చువ్వ కూడా అందుతుంది.

"పొద్దున్నే రా నోరా. కప్పులు కిందికి దించాలి," అన్నాడు గొణుగుతూ.

"వస్తాలే నాయనా. కళ్లద్దాలు దొరికాయిగా."